ఎక్కడమ్మ ఫోను

ఆ ఎండాకాలమంతా నేనూ నా కోడలూ చాలా మర్యాదగా మాట్లాడుకున్నాం. మామూలుగా తను నన్ను అత్తయ్యా అంటుంది, ఆ నాలుగు నెలలూ అత్తయ్యగారూ అంది. టీ పెట్టమంటారా అత్తయ్యగారూ అని తనడిగితే, నీకు వీలుంటేనే పెట్టమ్మా అని నేననేదాన్ని. అత్తాకోడళ్లు గిన్నెలు విసురుకునే ఇంటికి ఏ భయమూ లేదు. మర్యాదలు మొదలైన ఇంట్లోనే ఏదో రాజుకుంటోందని అర్థం. మా అబ్బాయి ఫైరింజను డ్రైవరు. పొగ వాసన వాడికి అందరికంటే ముందు తగులుతుంది. ఆ రోజుల్లో కంచం పట్టుకుని వెళ్లి వరండా మెట్ల మీద కూర్చుని తినేవాడు.

గొడవంతా మా ముందుగదిలో ఉన్న ఫోను గురించి.

రోడ్డుకి ఇటు మా ఇల్లు, అటు ఫైరు స్టేషను. మా ఆయన ఆ స్టేషనులో పనిచేసే రోజుల్లో దానికి ఫోను మంజూరైంది. ఫోనువాళ్లు తీగ లాక్కుంటూ లాక్కుంటూ మా గోడ దాకా వచ్చి ఆగిపోయారు. అటు పోవాలంటే రోడ్డు తవ్వాలి. రోడ్డు తవ్వడం మా పని కాదు, రోడ్లవాళ్లదన్నారు. తవ్విందాన్ని పూడ్చడం మా పని గానీ తవ్వడం మా పని కాదన్నారు రోడ్లవాళ్లు. పోనీ పైనుంచి లాగండయ్యా అంటే ఇంజను మీది నిచ్చెనకి తగులుకుంటుందన్నారు. ఆ సంగతి తేలేదాకా తాత్కాలికంగా ఉంచమ్మా అని ఫోను తెచ్చి మా ముందుగదిలో పెట్టి వెళ్లారు. ఆ తాత్కాలికంలోనే మా అబ్బాయికి మీసాలొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది, మా ఆయన పోయాడు. ఫోను మాత్రం పెట్టినచోటు నుంచి కదల్లేదు.

మోగిన సంగతి రోడ్డు దాటేదెలా? మా వరండా దూలానికి రైలు పట్టా ముక్కొకటి వేలాడగట్టాడు మా ఆయన. పక్కనే సుత్తి. ఒక దెబ్బ కొడితే ఊళ్లోనే ఎక్కడో అంటుకుందని. రెండు కొడితే హైవే మీద. ఆపకుండా గణగణా వాయించానంటే, ముందు బండి బయటికి తీయండి, ఎటు పోవాలో తర్వాత చెబుతానని. ఇంజను గేటు దాటి మా ఇంటి ముందు కాస్త నెమ్మదిస్తుంది. నేను మెట్టు మీద నిలబడి ఏ వీధో ఏ మలుపో అరిచి చెబుతాను. మా అబ్బాయి తల ఊపి పోనిస్తాడు. అది ఉద్యోగమా అంటే కాదు. కాదా అంటే, అదే లేకపోతే నేను పొద్దున్నే ఎందుకు లేస్తున్నానో నాకు తెలియదు.

రిసీవరు ఎత్తగానే నేను హలో అనను. "ఎక్కడ?" అంటాను. ఇల్లు కాలుతున్న మనిషి ముందు అయ్యో అంటాడు, తర్వాత తప్పెవరిదో చెబుతాడు, చిరునామా దాకా వచ్చేసరికి కప్పు కూలుతుంది. అందుకని ఎక్కడ అని అడిగి నోరు మూసుకుంటాను. అలా ఊరు నన్ను ఎక్కడమ్మను చేసింది.

నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా వీధినడగండి. బామ్మ మాట మొదలుపెడితే తడిబట్టలు ఆరిపోతాయి, ముగించేసరికి చిరిగిపోతాయి అంటుంది పక్కింటి దర్జీ పిల్ల. సుత్తి అమ్మ చేతిలో కంటే నోట్లోనే ఎక్కువ ఉంటుందని మా అబ్బాయి అంటాడు. అలాంటిదాని ఇంట్లో ఊరికల్లా మంచి ఫోను పెట్టి, దాంట్లో మాట్లాడకూడదని రాసిపెట్టాడు దేవుడు. లైను ఎప్పుడూ ఖాళీగా ఉండాలి కదా. ఒకసారి మా చెల్లెలు చేసింది.

"ఎక్కడ?" అన్నాను.

"ఎక్కడేంటే అక్కా, ఆస్పత్రిలో. నా కూతురికి ఆడపిల్ల పుట్టింది."

"సంతోషం. పెట్టేస్తున్నా," అని పెట్టేశాను.

అంతే, అది మళ్లీ చెయ్యలేదు. పిల్ల ఎవరి పోలికో కూడా చెప్పలేదు. వాళ్ల ఊరు దూరం, నా మోకాళ్లు అంతంతమాత్రం. అప్పుడప్పుడూ మా అబ్బాయి నీళ్ల ట్యాంకు మెట్లెక్కి సెల్లులో పిన్నితో మాట్లాడి వచ్చేవాడు. ఏమందిరా అంటే, బాగానే ఉన్నారటమ్మా అనేవాడు. మగవాళ్లు మోసుకొచ్చే కబుర్లు అంతే. గంప చూస్తే పెద్దది, దింపితే ఏమీ ఉండదు.

నీళ్ల ట్యాంకు మెట్లని ఎందుకన్నానంటే మా ఊళ్లో సెల్లు పలికేది ఆ ఒక్కచోటే. ఊరు గుంటలో ఉంది, చుట్టూ గుట్టలు. ట్యాంకు మెట్ల మీద ఎప్పుడు చూసినా ఒక వరస మనుషులు, ఒక చెవిలో ఫోనూ ఇంకో చెవిలో వేలూ పెట్టుకుని. కింది మెట్ల మీద బేరగాళ్లు, పై మెట్టు మీద ప్రేమికులు. ఇక హైవే ఊరి పైన గుట్టను చుట్టుకుని పోతుంది. అక్కడొక మలుపుంది. ఎదుటి లారీ కనబడేసరికి దాని డ్రైవరు మీసం కూడా కనబడుతుంది, అంత దగ్గర. అక్కడా సెల్లు పలకదు. మలుపు దగ్గర పంక్చరు షాపులో తీగ ఫోను ఒకటుంది. రోడ్డు మీద ఏం జరిగినా అక్కణ్ణుంచి మా ఇంటికి మోగాల్సిందే.

ఆ ఏడే మా కోడలు కౌన్సిలరయింది. అంతకుముందు కౌన్సిలు ఆఫీసు గేటు పక్కన జిరాక్సు షాపు నడిపేది. రోజూ గేటు బయట నిలబడి లోపలివాళ్లని తిట్టేది. ఇంత బాగా తిడుతోంది, లోపల కూర్చోబెడితే ఏం చేస్తుందో చూద్దామని జనం ఓట్లేశారు. వెళ్లి కుర్చీ సర్దుకుందో లేదో ఆ తీర్మానం వచ్చిపడింది. మూడు పనులు ఒకే మూటలో కట్టి పైనుంచి పంపారు. గుట్ట మీద సెల్లు టవరు. మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చేసి నడుమ గోడ, హెచ్చరిక దీపాలు. ఫైరు స్టేషను బజారులోంచి తీసేసి మలుపు కింది కూడలికి మార్చడం. ఒకటి తీసుకుని రెండు వద్దంటే కుదరదు. మూట విప్పకుండా తీసుకోవాలి, లేదా విప్పకుండా వెనక్కి పంపాలి. కౌన్సిలులో సగం మంది ఔనన్నారు, సగం మంది కాదన్నారు, నడుమ మా కోడలి చెయ్యి మిగిలింది.

స్టేషను పోతే ఫోనూ పోతుంది. ఫోను పోతే ఎక్కడమ్మ పోతుంది, మిగిలేది మోకాళ్ల నొప్పుల ముసలిది. ఈ మాట మాత్రం నేను కోడలితో అనలేదు. అనకుండా మిగిలినవన్నీ అన్నాను. బజారులో అంటుకుంటే కూడలినుంచి బండి వచ్చేసరికి బూడిద ఊడ్చుకోవడమే అన్నాను. టవరొస్తే ట్యాంకు మెట్లెక్కే వ్యాయామం పోయి ఊరంతా లావెక్కుతుందన్నాను. తను కూరగాయలు తరుగుతూ అన్నీ విని, ఆలోచిస్తున్నా అత్తయ్యగారూ అనేది. ఆ గారూ దగ్గర కత్తి కాస్త గట్టిగా పడేది.

మొగుడితో కూడా ఏ సంగతీ చెప్పలేదు తను. వాడడగనూ లేదు. రోజూ బజారులో కూరగాయల బండ్ల మధ్యనుంచి ఇంజను తీయడం వాడికెంత నరకమో వీధి వీధంతా వింటూనే ఉంది. అయినా ఇంటికొస్తే వాడు కొడుకు, మొగుడు. అడకత్తెరలో పోకచెక్క మాట్లాడదు.

మొదటి మీటింగుకి నేనూ వెళ్లి చూడవచ్చినవాళ్ల బెంచీ మీద కూర్చున్నాను. అంత కాలక్షేపం నాకు ఈమధ్యకాలంలో దొరకలేదు. ఒకాయన లేచి, టవరు కింద కోళ్లు గుడ్లు మానేస్తాయట, దానికి జవాబుదారీ ఎవరన్నాడు. నీకు కోళ్లున్నాయా అంటే, కొందామనుకుంటున్నానన్నాడు. ఇంకొకాయన హెచ్చరిక దీపాల్లో ఒకటి తన కొట్టు ముందు పెట్టించమన్నాడు. నీ కొట్టు దగ్గర ప్రమాదమేముందయ్యా అంటే, చీకటి పడ్డాక నా బోర్డు కనబడక జనం దాటిపోతున్నారు, నాకు అంతకంటే ప్రమాదమేముందన్నాడు. ఒక పెద్దావిడ ఫైరింజను కడిగిన నీళ్లే తన పెరటికి ఆధారమనీ, స్టేషను మారిస్తే ఆ మొక్కలకి ఎవరు సర్ది చెబుతారనీ నిలదీసింది. చైర్మన్‌గారు మెతకమనిషి. ప్రతిదానికీ రాసుకోండి, రాసుకోండి అంటాడు. ఎవరు రాసుకుంటున్నారో నాకైతే కనబడలేదు.

అందరి తర్వాత మా కోడలు లేచింది. తను నా వంక చూడలేదు.

"ఆ ఫోను ఎలా పనిచేస్తుందో చూడకుండా తీసెయ్యడం న్యాయం కాదు," అంది. "కమిటీ ఒకసారి వచ్చి చూడాలి. చూశాక ఓటేద్దాం."

ఇంటికి నడిచి వస్తుంటే ఎండ మాడిపోతోంది. గొడుగు నాది. దాన్ని తన వైపుకి వంచి పట్టాను. ఆ పూట టీలో తను పంచదార ఎక్కువేసింది.

ఓటు రోజుకని తను కొత్త జాకెట్టు కుట్టించుకుంది. కుట్టింది పక్కింటి దర్జీ. ఆ పిల్ల నన్ను సొంత బామ్మకంటే ఎక్కువగా చూసుకుంటుంది, అందుకే ఈ వ్యవహారంలో నా పక్షమని వీధికంతా తెలుసు. జాకెట్టు వేసి చూసుకుంటే బాగానే ఉంది, రంగు ముద్దొస్తోంది. అయితే కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. చంక దగ్గర పట్టేసింది. కౌన్సిలులో ఓటంటే చెయ్యెత్తడమే. వరండాలోంచి చూసిన మా అబ్బాయికి నవ్వొచ్చి, దాన్ని దగ్గులోకి మార్చుకుని, ఆ దగ్గుతోనే గేటు దాటి వెళ్లిపోయాడు. దర్జీ ఒట్టేసింది. పాత కొలతలే వదినా, కౌన్సిలు టీలకి నువ్వే లావెక్కావు అంది. కోడలు నెమ్మదిగా నా వంక తిరిగింది. నేను కిటికీలోంచి రోడ్డు వంక చూశాను. నా తోడు, నేను చెప్పలేదు. ఆ పిల్లకే తోచిందో, కొలత తప్పిందో నాకిప్పటికీ తెలియదు. వదులు చేసి తెస్తానంది గానీ తీసుకెళ్లడానికి దానికి తీరికే దొరకలేదు. జాకెట్టు కుర్చీకి వేలాడుతూ ఉండిపోయింది.

కమిటీ వస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ వీధి నాకు తెలియకుండా ఒక కుట్ర పన్నింది. దానికీ దర్జీయే నాయకురాలు. కమిటీ వచ్చి కూర్చున్నాక ఫోను మోగకపోతే ఏం చూసి పోతారు, కాబట్టి ఆ పూట ఇంటికొక ఫోను తప్పకుండా పోవాలి అని గడపగడపకీ తిరిగి చెప్పింది. ప్రేమకి కళ్లుండవంటారు. కాళ్లు మాత్రం బోలెడుంటాయి.

నేను ముందుగది కడిగి, కుర్చీలు వేసి, ఫోను కింద ఉతికిన గుడ్డ పరిచాను. చైర్మన్‌గారు ఇద్దరు సభ్యుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మా కోడలు కూడా వాళ్లతోపాటే వచ్చి, సొంత ఇంట్లో చుట్టంలా కుర్చీ అంచున కూర్చుంది. టీలు ఇచ్చాను. పట్టా ముక్క చూపించాను. దెబ్బల లెక్క చెబుతున్నాను, ఫోను మోగింది.

"ఎక్కడ?" అన్నాను.

"ఎక్కడా లేదు బామ్మా," అన్నాడు కటింగు షాపాయన. "ఊరికే. మోగుతోందా?"

మోగుతోందని పెట్టేశాను. పెట్టిన చెయ్యి తీశానో లేదో మళ్లీ మోగింది. ఈసారి బడి పంతులమ్మ, ట్యాంకు మెట్ల మీదనుంచి. మీరు లేకపోతే మా బడి ఎప్పుడో బూడిదయ్యేది, ఈ మాట గట్టిగా చెబుతున్నా, రిసీవరు వాళ్ల వైపు తిప్పండి అంది. తర్వాత రొట్టెల బట్టీ ఆయన. తర్వాత ఆయన భార్య, ఆయన చెప్పింది సరిగ్గా చెప్పాడో లేదోనని. చైర్మన్‌గారు మొదట్లో ముచ్చటపడ్డాడు, ఎంత అభిమానమండీ అన్నాడు. మా కోడలు మాత్రం కుర్చీలో ముందుకి జరిగింది.

"అత్తయ్యగారూ, లైను..." అంది మెల్లగా.

నాకూ అదే గుబులు. కానీ మోగే ఫోను ఎత్తకుండా ఎలా ఊరుకోను? ఎవరింటి కప్పు కాలుతోందో ఎత్తితే గానీ తెలియదు. ఎత్తితేనేమో, బాగున్నావా ఎక్కడమ్మా అని. చివరికి ఒకాయన చైర్మన్‌గారు అక్కడే ఉన్నాడని పసిగట్టి, ఆయనకివ్వండి, మురుగు కాలవ సంగతి మాట్లాడాలన్నాడు. కాదనలేక ఇచ్చాను. చైర్మన్‌గారు కాదనలేక పట్టుకున్నాడు. రాసుకుంటున్నాను, రాసుకుంటున్నాను అంటున్నాడు.

అప్పుడు మా గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. మొహమంతా మసి, కనుబొమ్మలు సగం మాడిపోయాయి, తల నిండా దూది. వెనక రోడ్డు మీద పాలాయన మోటారు సైకిలు ఇంకా దడదడలాడుతోంది.

"ఫైరు ఫోను ఇదేనా అమ్మా?" అన్నాడు.

"ఇదే నాయనా."

"పంక్చరు షాపునుంచి చేస్తూనే ఉన్నాం. ఎంగేజి వస్తోంది."

కోపంగా కూడా అనలేదు. తప్పు నెంబరు తిప్పానేమో అన్నట్టు అన్నాడు. చైర్మన్‌గారి చెవి దగ్గర మురుగు కాలవ ఇంకా పారుతూనే ఉంది.

నేను వెళ్లి సుత్తి తీసుకుని గణగణా వాయించాను. ఇంజను గేటులోంచి బయటికొచ్చేలోగా కోడలు ఆ మనిషికి మంచినీళ్లిచ్చింది. లారీ డ్రైవరట, పరుపుల లోడట. మలుపులో కారొకటి ఎదురొస్తే తప్పించబోయి బండను రాసుకున్నాడు, లారీ ఇంజనులో నిప్పు లేచింది. "మా ఆవిడ వెనక సీట్లో నిద్రపోతోంది," అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "లేపి దింపేశాను. షాపు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి వచ్చాను." ఇంజను మా ఇంటి ముందు నెమ్మదించింది. నేను మెట్టు మీదే ఉన్నాను గానీ చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. ఆ మనిషే చెయ్యి చూపించి ఎక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత బజారులోంచి హారను చాలాసేపు ఒకేచోట వినిపించింది. కూరగాయల బండ్లు తప్పుకోవాలి కదా.

కమిటీ చల్లారిన టీలు తాగి, నమస్కారం పెట్టి వెళ్లింది. చైర్మన్‌గారు పోతూ పోతూ రిసీవరుని చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు మెల్లగా పెట్టాడు. ఇక ఆ పూట ఎవ్వరూ ఫోను చెయ్యలేదు. ట్యాంకు మెట్లు ఖాళీ అయిపోయాయి. దర్జీ మిషను చప్పుడు కూడా ఆగిపోయింది.

పొద్దువాలుతుంటే మా అబ్బాయి వచ్చాడు. దూదేనమ్మా, మనుషులందరూ బాగానే ఉన్నారు, పరుపులు కాలితే కొత్తవి కుడతారు అన్నాడు. లారీ అస్థిపంజరం మిగిలిందట. ఆ ఆడమనిషి స్టూలు దిగనందట, మొగుడొచ్చాక మాత్రం లేచి వాణ్ణి నాలుగు తిట్టిందట, అప్పుడు అందరికీ ప్రాణం కుదుటపడిందట. మావాణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి జుట్టులోంచి దూది ఏరడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు పేలు చూసినట్టే ఉంది, మీసాలొక్కటే తేడా.

వాడు తల వంచుకునే అన్నాడు. "స్టేషను కూడలిలో ఉంటే అక్కణ్ణుంచి మలుపు కనిపిస్తుందమ్మా. ఎవరూ ఫోను చెయ్యక్కర్లేదు. పొగ నాకే కనబడుతుంది."

వాడు నాతో ఈ వ్యవహారం గురించి అన్న మాట అదొక్కటే. నేను దూది ఏరడం ఆపలేదు. కొంచెం ఎక్కువసేపే ఏరాను, లేని దూది కూడా.

లోపలికెళ్లి కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీ మీది జాకెట్టు తీసుకుని దీపం కింద కూర్చున్నాను. దర్జీ కుట్టు గట్టిది, ఒక పట్టాన విడిపడలేదు. సూదిమొనతో ఒక్కొక్కటే లేపి చంక కింద విప్పి, లోపలి మడతలోంచి గుడ్డ వదిలి మళ్లీ కుట్టాను. కోడలు టీ తెచ్చి నా ముందు నిలబడింది. పెట్టమంటారా అని ఏమీ అడగలేదు, తెచ్చేసింది.

"వేసుకుని ఎత్తి చూడు," అన్నాను.

వేసుకుని ఎత్తింది. మోచెయ్యి చెవి దాటింది, వేళ్లు తల దాటి పైకి పోయాయి. అలాగే కాసేపు నిలబడిపోయింది, పాఠం అప్పజెప్పబోయే బడిపిల్లలాగా. కళ్లు చెమర్చాయేమో, ఫ్యాను గాలికేమో.

"చాల్లే, పైన ఫ్యానుంది," అన్నాను. "అన్నట్టు టీలో పంచదార వెయ్యడం మర్చిపోయావు."

"ఉన్నది తాగండి అత్తయ్యా," అంది.

హమ్మయ్య అనుకున్నాను. మర్యాద పోయింది, ఇల్లు చల్లబడింది. ఆ పూట మా అబ్బాయి కంచం తీసుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు.

ఓటు రోజున నేనూ దర్జీ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు చైర్మన్‌గారు. చేతులు లేచాయి. మా కోడలి చెయ్యి అన్నిటికంటే పైకి లేచింది. దర్జీ నన్ను మోచేత్తో పొడిచింది. నా కుట్టు ఎవరు విప్పారు బామ్మా అని చెవిలో అడిగింది. ఎవరూ విప్పలేదు, తనే చిక్కిపోయిందన్నాను. కోళ్లాయన కూడా చెయ్యెత్తాడు. తర్వాత అడిగితే, అందరూ ఎత్తుతున్నారు కదా అని ఎత్తానన్నాడు.

మా ఊళ్లో ఏ పనీ అంత తొందరగా కాదు. ఆ ఏడు మాత్రం వానల్లోపే కూడలిలో రేకుల షెడ్డు లేచింది, పక్కా కట్టడం వచ్చేదాకా తాత్కాలికంగా. తాత్కాలికమంటే ఎంతో నాకు తెలుసు గనక, రేకులు మంచివి వెయ్యండని చెప్పి వచ్చాను. ఇంజను వెళ్లిపోయే రోజున వీధంతా గుమ్మాల్లో నిలబడింది. గేటు దాటి మా ఇంటి ముందుకొచ్చేసరికి బండి అలవాటుగా నెమ్మదించింది. నేనూ అలవాటుగా మెట్టు మీదున్నాను. చెప్పడానికి ఏ వీధీ లేదు, ఏ మలుపూ లేదు.

"మధ్యాహ్నం భోజనానికి రా," అని అరిచాను.

వాడు ఎప్పటిలాగే తల ఊపి పోనిచ్చాడు.

తర్వాత లైనుమాను వచ్చాడు. ఫోను తుడిచి, గుడ్డతో సహా సిద్ధంగా పెట్టాను. ఫైరు నెంబరు కొత్త షెడ్డుకి మారిపోయింది గానీ ఈ తీగ, ఈ డబ్బా తీసుకెళ్లమని తనకెవరూ చెప్పలేదన్నాడు. తియ్యాలంటే మీ గోడ పగలగొట్టాలమ్మా, గోడ పగలగొట్టడం మా పని కాదు అన్నాడు. ఇంకో నెంబరు పెట్టి, ఇంటి ఫోనులా వాడుకోమని చెప్పి పోయాడు.

వాడుకోవడమంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. పొద్దున్నే లేచి తుడిచేదాన్ని. అది మోగేది కాదు. వంటింట్లో ఉన్నా ఒక చెవి ముందుగదిలోనే ఉండేది. అప్పుడప్పుడూ దూరంగా, కూడలి వైపునుంచి ఇంజను హారను వినబడేది, ఎక్కడా ఆగకుండా, ఒకే ఊపున గుట్టెక్కిపోతూ. వంట చేస్తున్న చెయ్యి ఆపి, చివరిదాకా వినేదాన్ని.

మొదటి వాన పడుతున్న సాయంత్రం ఫోను మోగింది. అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఎక్కడ?" అన్నాను.

"ఎక్కడేంటే, మా ఇంట్లో, కిటికీ పక్కన," అంది మా చెల్లెలు. "ఇప్పుడు నీ ఫోనులో మాట్లాడొచ్చటగా, నీ కొడుకు చెప్పాడు. మళ్లీ పెట్టేస్తావా?"

"పెట్టను. ముందిది చెప్పు, పిల్ల ఎవరి పోలిక?"

"ఇప్పుడడుగుతున్నావా? దానికి పాలపళ్లు ఊడుతున్నాయి."

"అయితే ఏం, మొదట్నుంచీ చెప్పు."

మొదట్నుంచీ చెప్పింది. ముక్కు మా నాన్నదట, మొండితనం నాదట. కాన్పు దగ్గర మొదలుపెట్టి మొదటి అడుగు దాకా వచ్చేసరికి నా చెవి వేడెక్కింది, రెండో చెవికి మార్చాను. దర్జీ తడుస్తూ వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. కుట్టు షాపునుంచి ఎంతసేపు చేసినా ఎంగేజి వస్తోంది బామ్మా అంది. అవునన్నట్టు చెయ్యూపాను. ఎంగేజే.

కౌన్సిలునుంచి కోడలొచ్చింది. వంటింట్లో మూతలు తీసి చూసింది. నేనింకా పొయ్యి వెలిగించలేదు. అత్తయ్యా అంది. ఒక్క నిమిషం అని వేలు చూపించాను. నా వేలు సంగతి తనకి తెలియంది కాదు. మళ్లీ అత్తయ్యా అంది, మళ్లీ వేలు చూపించాను. ఇక లాభం లేదని వరండాలోకెళ్లి, సుత్తి తీసుకుని, పట్టా ముక్క మీద గణగణా వాయించింది, ఆపకుండా. వానలో ఆ చప్పుడుకి వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది.

"ఉండవే," అన్నాను చెల్లెలితో, "అంటుకుంది."

"ఎక్కడ?" అంది అది కంగారుగా.

"మా కోడలి కడుపులో. నువ్వు పెట్టెయ్యకు, లైనులోనే ఉండు. అన్నం పొయ్యి మీద పడేసి వస్తా."